లెజెండరీలో ఆడకపోతే పరువు పోయినట్టేనా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర ఊరు. గుణుపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. మా అన్నయ్య పాత ల్యాప్‌టాప్‌లో స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ అనే వీడియో గేమ్ ఆడుతున్నాను. 60 గంటలు దాటింది, లెవెల్ 31. నా వీరుడు నార్డ్ జాతివాడు, రెండు చేతులతో పట్టే పెద్ద కత్తి. మొదట అడెప్ట్ అనే మామూలు కష్టస్థాయిలో ఆడాను, బాగుండేది. మా రూమ్‌లో బరంపురం కుర్రాడు చూసి, "ఏట్రా, ఇంకా అడెప్టేనా? అది చిన్నపిల్లలు ఆడేది" అన్నాడు. ఆ రాత్రే అన్నిటికన్నా కష్టమైన లెజెండరీకి మార్చాను. అప్పట్నుంచి ముందుకి కదల్లేదు. ఒక పాత సమాధి గుహలో డ్రాగర్ డెత్‌లార్డ్ (లేచి తిరిగే శవాల్లో పెద్దవాడు) నన్ను రెండు దెబ్బల్లో పడగొడుతున్నాడు. నేను ఎన్ని కొట్టినా వాడి ఎర్రగీత తరగదు. మావాడు మాత్రం అదే లెజెండరీలో విల్లు పట్టుకుని హాయిగా తిరుగుతున్నాడు. తగ్గిస్తే ఓడిపోయినట్టు అనిపిస్తోంది. అంతా వదిలేసి కొత్త వీరుడితో మొదలుపెట్టనా? హెల్త్, మాజికా (మంత్రశక్తి), స్టామినా మూడూ 200 ఉన్నాయి. పెర్కులు (లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకునే అదనపు శక్తులు): టూ హ్యాండెడ్ 3, ఆర్చరీ 4, డిస్ట్రక్షన్ 4, రెస్టొరేషన్ 2, హెవీ ఆర్మర్ 2, లైట్ ఆర్మర్ 3, పిక్‌పాకెట్ 4, స్పీచ్ 3, లాక్‌పికింగ్ 3, స్మితింగ్ 2. స్మితింగ్ (కమ్మరిపని) నైపుణ్యం 100కి తెచ్చాను. దీని తర్వాత ఎల్డెన్ రింగ్ ఆడాలని ఉంది. దానికి ఏ బిల్డ్ మంచిది? పేరు వేయకండి.

జవాబు:

తమ్ముడూ,

నీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది చివర రాసిన పెర్కుల లెక్క. చాలామంది కష్టంగా ఉందని మాత్రమే రాసి ఊరుకుంటారు. నువ్వు లెక్క పంపావు కాబట్టి నేనూ లెక్కతోనే చెబుతాను. ముందు నువ్వు అడిగినదానికి జవాబు: కొత్త వీరుడు వద్దు. ఈ వీరుడే బాగుపడతాడు. డిఫికల్టీని (ఆట కష్టస్థాయిని) ఇవాళే ఎక్స్‌పర్ట్‌కి దించు. ఎందుకు దించమంటున్నానో వింటే నీకే సిగ్గు పోతుంది.

స్కైరిమ్‌లో డిఫికల్టీ పెంచితే శత్రువుకి తెలివి పెరగదు. కొత్త ఎత్తు ఒక్కటి కూడా నేర్చుకోడు. జరిగేదంతా గుణకారమే. అడెప్ట్‌లో నీ దెబ్బ, నీకు తగిలే దెబ్బ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఎక్స్‌పర్ట్‌లో నీ దెబ్బ ముప్పావు వంతు అవుతుంది, నీకు తగిలేది ఒకటిన్నర రెట్లు. మాస్టర్‌లో నీది సగం, వాడిది రెట్టింపు. లెజెండరీలో నీ దెబ్బ పావు వంతు, వాడి దెబ్బ మూడు రెట్లు. 2011లో ఆట వచ్చినప్పుడు ఈ లెజెండరీ అసలు లేదు. 2013లో 1.9 ప్యాచ్‌తో చేర్చారు. 100కి చేరిన నైపుణ్యాన్ని మళ్లీ 15కి దించి, పెర్కులు వెనక్కి తీసుకునే వీలు కూడా అదే ప్యాచ్‌లో వచ్చింది. అది ఎవరి కోసం పెట్టారో దాన్నిబట్టే తెలుస్తుంది. ఆటంతా తిప్పేసి, చేయడానికి ఏమీ మిగలని వాళ్ల కోసం.

ఇప్పుడు నీ వీరుడి మీద పెట్టి చూద్దాం. నీ హెల్త్ 200. కవచం తగ్గించగా ఒక దెబ్బకి 60 పోతుందనుకుందాం. అడెప్ట్‌లో మూడు దెబ్బలు తిని కూడా నిలబడతావు, నాలుగోది పడేలోగా వెనక్కి జరిగి మందు తాగే టైమ్ ఉంటుంది. లెజెండరీలో అదే దెబ్బ 180. మొదటిదానికి ప్రాణం గొంతులోకి వస్తుంది, రెండోదానికి పోతుంది. నువ్వు రాసింది అక్షరాలా ఇదే. అటువైపు చూడు. శత్రువుకి 600 హెల్త్, నీ కత్తి దెబ్బ 40 అనుకుంటే అడెప్ట్‌లో 15 దెబ్బల పని. లెజెండరీలో నీ దెబ్బ 10కి పడిపోతుంది, అంటే 60 దెబ్బలు. ఆ 60 కొట్టేలోగా నీకు రెండే రెండు తగలకూడదు. పెద్ద కత్తి తిప్పడానికే టైమ్ ఎక్కువ పడుతుంది కదా. ఇందులో నీ చేతకానితనం ఎక్కడుంది?

మరి మీ రూమ్మేట్ ఎలా ఆడుతున్నాడు? వాడు దాక్కుని కొడుతున్నాడు. శత్రువు చూడకముందు వేసిన బాణానికి మామూలుగానే రెట్టింపు దెబ్బ, స్నీక్‌లో (దాక్కునే నైపుణ్యంలో) ఒక పెర్క్ తీసుకుంటే మూడు రెట్లు. మూడు రెట్లలో పావు వంతు అంటే ముప్పావు. అంటే లెజెండరీలో కూడా వాడి మొదటి బాణం దాదాపు ఎక్స్‌పర్ట్‌లో నువ్వు కొట్టిన దెబ్బతో సమానం. బాకుతో వెనకనుంచి పొడిచే వాళ్లకైతే ఒక పెర్కుతో 15 రెట్లు వస్తుంది. అందులో పావు వంతు తీసినా దాదాపు నాలుగు రెట్లు మిగులుతుంది. ఇక వాడికి తగిలే మూడు రెట్ల దెబ్బ సంగతి. శత్రువు వాణ్ణి చూడనే లేదు, దగ్గరికి రానే రాలేదు, ఇక తగిలేదెక్కడ? లెజెండరీ వేసే రెండు శిక్షలూ వాణ్ణి సరిగ్గా తాకడం లేదు. నిన్ను మాత్రం నిండుగా తాకుతున్నాయి, ఎందుకంటే నువ్వు ఎదురు నిలబడి కొట్టే మనిషివి.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. డిఫికల్టీ ఒకటి, బిల్డ్ ఇంకొకటి అని విడివిడిగా నిర్ణయించకూడదు. మీ ఇద్దరి తెరల మీదా లెజెండరీ అనే రాసి ఉంది, కానీ ఇద్దరూ ఆడుతున్నది ఒక ఆట కాదు. వాడి బిల్డ్‌కి సరిపోయిన డిఫికల్టీని నువ్వు అరువు తెచ్చుకున్నావు. స్కైరిమ్ ఆడినవాళ్లంతా చివరికి దాక్కుని బాణాలు వేసే మనిషిగానే మారిపోతారని ఎక్కడ చూసినా అంటారు. అది ఊరికే వచ్చిన మాట కాదు. డిఫికల్టీ పెంచేకొద్దీ ఆటే మనల్ని ఆ మూలకి తోస్తుంది. లెజెండరీలో బాగా నడిచేవి కొన్నే. దాక్కుని కొట్టడం ఒకటి. రెండోది వెంట తెచ్చుకున్న మనిషితోనో, మంత్రంతో పిలిచిన అట్రొనాక్ అనే ప్రాణితోనో కొట్టించడం, ఎందుకంటే ఆ పావు వంతు కోత నీ చేతి దెబ్బకే గానీ వాళ్ల దెబ్బకి లేదు. పెద్ద కత్తి పట్టుకుని ఎదురెళ్లే నార్డ్ ఆ జాబితాలో లేడు. నాకు మాత్రం ఆ నార్డ్ అంటేనే ఇష్టం. వాణ్ణి బలవంతంగా విల్లుగాడిని చేయడం నాకు నచ్చదు.

బిల్డ్ అనే మాట కొత్తగా వినేవాళ్ల కోసం ఒక్క వాక్యం: లెవెల్ పెరిగినప్పుడల్లా వచ్చే పాయింట్లు, తొడిగే కవచం, పట్టే ఆయుధం, వాడే మంత్రం అన్నీ కలిసి వీరుడు ఏ తీరున పోరాడతాడో అదే బిల్డ్. దీనికి తెలుగు మాట కట్టమని ఒకరిద్దరు పాఠకులు అడిగారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో కూర్చుని రాస్తున్నాను. జనం నోట ఆడుతున్న మాటని పక్కన పెట్టి ఇంకో మాట కట్టడానికి నాకు మనసొప్పదు. బిల్డ్ అనే అందాం.

ఇప్పుడు నీ 30 పెర్కులు. ఒక్కో లెవెల్‌కి ఒకటి చొప్పున లెవెల్ 31కి సరిగ్గా 30 వస్తాయి, నీ లెక్క కలిసింది. అందులో కత్తికి వెళ్లినవి మూడు. ఒంటిని కాపాడే హెవీ ఆర్మర్‌కి రెండు. అంటే నువ్వు నిజంగా చేసే పోరాటానికి అయిదు. మిగతా 25 ఎక్కడెక్కడో ఉన్నాయి. లాక్‌పికింగ్‌లో మూడు పూర్తిగా వృథా. ఏ పెర్కూ లేకుండానే ఆ ఆటలో ఎంత గట్టి తాళమైనా తీయొచ్చు, నాలుగు పుల్లలు ఎక్కువ విరుగుతాయి, అంతే. హెవీ, లైట్ రెండు కవచాల్లోనూ పెర్కులు పెట్టావు. ఒంటి మీద రెండు రకాలూ కలిపి తొడిగితే, అన్నీ ఒకే రకం తొడిగినవాళ్లకి పెర్కుతో వచ్చే 25 శాతం లాభం రెండు వైపులా పోతుంది.

ఇంకో చిక్కు కంటికి కనపడదు. స్కైరిమ్‌లో నీ లెవెల్ అన్ని నైపుణ్యాలూ కలిపి పెరుగుతుంది. కొలిమి దగ్గర కూర్చుని స్మితింగ్ 100 చేశావు, జేబులు కొట్టావు, బేరాలాడావు, లెవెల్ పెరిగింది. నీ లెవెల్ చూసుకుని ఆట శత్రువుల్ని పంపుతుంది. డెత్‌లార్డ్ లెవెల్ 30 వాడు. వాడు నీ 31ని చూసి వచ్చాడు గానీ, నీ కత్తి ఇంకా లెవెల్ 15 వాడి కత్తిలా ఉంది.

ఇది నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను ఇందులోనే పడ్డాను. బరంపురంలో డిగ్రీ చదివేటప్పుడు ఒక నెట్ సెంటర్‌లో గంటకింత అని ఇచ్చి ఆబ్లివియన్ ఆడేదాన్ని. 2006లో వచ్చిన ఆట అది. అందులో ఏడు మేజర్ నైపుణ్యాలు మనమే ఎంచుకోవాలి, వాటిలో కలిపి పది మెట్లు పెరిగితే ఒక లెవెల్. నేను పరుగు, గెంతడం, మాటకారితనం, బేరం మేజర్‌లో పెట్టుకున్నాను. దారి పొడుగునా గెంతుకుంటూ వెళ్లేదాన్ని, లెవెల్ మీద లెవెల్ పెరిగేది, ఎంత సంతోషంగా ఉండేదో. లెవెల్ 20 దాటేసరికి రోడ్డు మీద దారి కాచే దొంగలు కూడా ఖరీదైన గాజు కవచాలు తొడుక్కుని ఎదురొచ్చారు. క్వాచ్ ఊరి ముందు తెరుచుకున్న ద్వారంలోకి అప్పుడు వెళ్లాను. లోపల ఉన్నవాళ్లు నా లెవెల్‌కి తగ్గవాళ్లు, నా కత్తి మాత్రం మొదటి రోజు నాటిదే. వారం రోజులు అక్కడే ఆగిపోయాను. నాకు ఆట రాదనుకుని ఏడుపొచ్చింది. పక్క సీట్లో ఆడే ఒడియా అబ్బాయి ఒకడు మెనూలో డిఫికల్టీ గీత చూపించి ఎడమకి లాగాడు. "ఆట నీది, గీత కూడా నీదే" అన్నాడు. ఆ రోజు క్వాచ్ దాటాను. ఆ తర్వాత ఆ ఆటలో చూసిన ఊళ్లు, గుహలు, మనుషులు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. గీత లాగకపోయి ఉంటే అవేవీ చూసేదాన్ని కాదు.

అందుకే నీకు మళ్లీ మొదలుపెట్టొద్దని అంత గట్టిగా చెప్పాను. నీకు ఇప్పుడున్న అదృష్టం ఏమిటంటే స్మితింగ్ 100. కత్తికి తగని లెవెల్‌ని తెచ్చిపెట్టింది అదే, ఇప్పుడు నిన్ను బయటపడేసేదీ అదే. నువ్వు పెట్టిన రెండు పెర్కులు స్టీల్, ఆర్కేన్ బ్లాక్‌స్మిత్ అనుకుంటాను. ఇకపై వచ్చే మూడు పాయింట్లతో డ్వార్వెన్, ఆర్కిష్, ఎబొనీ లోహాల పెర్కులు వరసగా తీసుకో. నైపుణ్యం 100 ఉంది కాబట్టి ఆగాల్సిన పనిలేదు. పెర్క్ ఉన్న లోహాన్ని సానపెడితే రెట్టింపు మెరుగు వస్తుంది. ఎబొనీ కవచం తల నుంచి కాలి దాకా ఒకే రకం తొడుక్కుని, వర్క్‌బెంచ్ దగ్గర ప్రతి ముక్కనీ బాగుచేసుకో. తెర మీద కనిపించే కవచం అంకె 567 దగ్గరికి వస్తే కత్తి దెబ్బల్లో 80 శాతం ఆగిపోతుంది. అంతకుమించి పెంచినా లాభం లేదు, అక్కడితో ఆపి మిగతావి చూసుకో. ఆ అంకెకి చేరినవాడికి పైన వేసిన లెక్కలో 60గా అనుకున్న దెబ్బ ఏ మూలకి పోతుందో నువ్వే చూస్తావు.

తర్వాత పాయింట్లన్నీ రెండే చోట్ల పెట్టు: టూ హ్యాండెడ్‌లో మొదటి పెర్క్ అయిదు మెట్లూ, హెవీ ఆర్మర్‌లో మొదటి పెర్క్ అయిదు మెట్లూ. ఒక్కో మెట్టుకి 20 శాతం చొప్పున అయిదూ పూర్తయితే కత్తి దెబ్బ రెట్టింపు. ప్రతి మెట్టూ నైపుణ్యం కొంత పెరిగాకే తెరుచుకుంటుంది కాబట్టి పాయింట్ చేతిలో దాచుకోవడానికి వెనకాడకు. లెవెల్ పెరిగినప్పుడు వచ్చే 10ని ఇక హెల్త్‌కే వేస్తూ వెళ్లు, 300 దాటేదాకా మాజికా వైపు చూడకు. పొరపాటున పెట్టిన పెర్కుల గురించి బెంగ అక్కర్లేదు. స్పెషల్ ఎడిషన్‌లో డ్రాగన్‌బోర్న్ కథ కూడా ఉంటుంది. ఆ కథ ముగించాక దొరికే నల్ల పుస్తకంతో, ఒక్కో డ్రాగన్ ఆత్మ ఖర్చు చేసి ఒక్కో నైపుణ్యంలోని పెర్కులన్నీ వెనక్కి తీసుకోవచ్చు. పిక్‌పాకెట్‌లో నాలుగు, లాక్‌పికింగ్‌లో మూడు, లైట్ ఆర్మర్‌లో మూడు, ఈ పదీ తిరిగొస్తే నీ నార్డ్‌ని గుర్తుపట్టలేం.

కవచం మంత్రాల్ని గానీ డ్రాగన్ మంటని గానీ ఆపదని గుర్తుంచుకో. చాలామంది 567 చేరి, ఇక ఏమీ కాదనుకుని ఒక మాంత్రికుడి చేతిలో పోతారు. రిఫ్టన్ అనే ఊళ్లో మారా గుడిలో ప్రేమికుల్ని కలిపే చిన్న కథ ఒకటి ఉంది, యుద్ధం దాదాపు లేదు. అది పూర్తిచేస్తే మంత్రాల దెబ్బలో 15 శాతం శాశ్వతంగా తగ్గుతుంది. లార్డ్ స్టోన్ అనే రాయి తాకితే ఇంకో 25 శాతం, దానితోపాటు కవచానికి 50 అదనం. నాకు ఆ మారా గుడి కథ అన్నిటికన్నా ఇష్టం, అది ఎలాగూ ఆడు.

ఇక ఆ డెత్‌లార్డ్. వాడు నిన్ను అరుపుతో వెనక్కి తోస్తాడు, ఇంకో అరుపుతో చేతిలో కత్తి ఎగరగొడతాడు. రెండో కత్తి ఒకటి ఫేవరెట్స్ జాబితాలో పెట్టుకో, ఎగిరిన కత్తి కోసం నేల మీద వెతుక్కుంటూ చాలామంది చస్తారు. డ్రాగర్లకి విషం ఎక్కదు, మంచు సగమే పనిచేస్తుంది, కాబట్టి బాణాలకి విషం పూసి దండగ చేయకు. మంత్రం వేయాలనుకుంటే మంటే వేయి. నువ్వు నార్డ్‌వి, వాడి మంచు దెబ్బ నీకూ సగమే తగులుతుంది, అది నీ లాభం. వాడు పెద్ద దెబ్బకి ఆయుధం వెనక్కి ఎత్తినప్పుడు నువ్వు కత్తితో అడ్డుపెట్టి ఒక్క తోపు తోస్తే ఆ దెబ్బ ఆగిపోతుంది, వాడు తూలుతాడు. నీ బలమైన దెబ్బ అప్పుడు. పెద్ద కత్తితో ఆడేవాళ్లలో చాలామంది ఆ తోపుని వాడనే వాడరు. అలవాటయ్యేదాకా చిన్న బందిపోట్ల మీద సాధన చెయ్యి, అదొక్కటి చేతికి వస్తే పోరాటం తీరే మారిపోతుంది.

అప్పటికీ కుదరకపోతే ఆ గుహ వదిలేసి రా. స్కైరిమ్‌లో సాధారణంగా నువ్వు ఒక గుహలో మొదటిసారి కాలుపెట్టినప్పటి లెవెల్‌తోనే అక్కడివాళ్లు ఖాయమవుతారు. నువ్వు బలపడి తిరిగి వచ్చేసరికి వాళ్లు అక్కడే ఉంటారు. మన పర్లాకిమిడి నుంచి బరంపురం వెళ్లడానికి మొహనా మీదుగా తప్తపాణి ఘాటీ దిగే దారి ఉంది, పాతపట్నం దాటి టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం మీదుగా హైవే దారీ ఉంది. జోరువానలో రాత్రిపూట ఘాటీ ఎందుకని చుట్టుతిరిగి హైవే మీద వెళ్లినవాణ్ణి ఓడిపోయాడని మనం అనం కదా. 2010లో వచ్చిన ఫాలౌట్: న్యూ వేగాస్ అనే ఆట మొత్తం ఈ పద్ధతి మీదే కట్టారు. గుడ్‌స్ప్రింగ్స్ నుంచి ఉత్తరంగా చూస్తే వేగాస్ వెలుగు దగ్గరే అనిపిస్తుంది. ఆ తిన్నని దారిలో డెత్‌క్లా అనే మృగాలు కూర్చుని ఉంటాయి, మొదటి లెవెల్‌లో ఒక్క గోటి దెబ్బ చాలు. అందుకని దక్షిణానికి దిగి ప్రిమ్, నిప్టన్, నోవాక్ మీదుగా చుట్టు తిరిగి వెళ్తాం, ఆ చుట్టులోనే కథంతా మనకి తెలుస్తుంది. అక్కడి కవచాల లెక్క కూడా నాకు ఇష్టం. ప్రతి గుండు దెబ్బలోంచి కవచం ఒక అంకెని తీసేస్తుంది. అందుకే టకటకా పేలే చిన్న తుపాకీ గట్టి కవచం మీద దాదాపు పనిచేయదు, ఎంత గట్టిదైనా దెబ్బలో అయిదో వంతు మాత్రం లోపలికి వెళ్తుంది. కవచాన్ని చీల్చే గుళ్లు మార్చుకుంటే అదే తుపాకీ పనిచేస్తుంది. అక్కడ కష్టం వస్తే ఏం మార్చాలో ఆలోచించాలి, స్కైరిమ్ లెజెండరీలో కష్టం వస్తే ఇంకా ఎక్కువసేపు కొట్టాలి. ఈ తేడా నాకు చాలా పెద్దది.

విచర్ 3 అనే ఆటలో కూడా పై రెండు డిఫికల్టీల్లో అంకెలు పెరుగుతాయి, కానీ దానితోపాటు ఇంకోటి మారుతుంది. ధ్యానంలో కూర్చుంటే హెల్త్ తిరిగి రాదు. అంతే, ఆ ఒక్క మార్పుతో తిండికి విలువ వస్తుంది, కత్తికి పూసే నూనెలకి విలువ వస్తుంది, ఏ ప్రాణికి ఏది పడదో పుస్తకం తిరగేసి చూసుకుంటాం. దయ్యాల మీద యెర్డెన్ అనే మంత్ర వలయం వేయకుండా కత్తి తిప్పితే గాలిని కోసినట్టే ఉంటుంది. అక్కడ డిఫికల్టీ పెంచమని నేనే చెబుతాను.

ఎల్డెన్ రింగ్ సంగతికి వస్తాను. 2022లో వచ్చిన ఆ ఆటలో డిఫికల్టీ మెనూయే లేదు, అందరికీ ఒకటే. దాంతో అది మగతనానికి పరీక్ష అన్నట్టు హాస్టళ్లలో మాట్లాడుకుంటారు. ఆడినవాళ్లకి తెలుసు, ఆ మెనూని తీసి ఆట లోపల నాలుగు చోట్ల దాచారు. బయటికి రాగానే బంగారు గుర్రపురౌతు ఒకడు దారిలో తిరుగుతుంటాడు. వాడితో గొడవ పెట్టుకోకుండా పక్కనుంచి వెళ్లిపోవచ్చని నేర్చుకోవడమే మొదటి పాఠం. ఎల్లే చర్చి దగ్గర గంట ఒకటి దొరుకుతుంది, దాంతో ఆత్మల్ని తోడుగా పిలవచ్చు. మొదట దొరికే తోడేళ్లు మూడు కూడా పెద్ద శత్రువు దృష్టిని నీ మీంచి తిప్పేస్తాయి. పిలిచినందుకు ఎవరైనా తప్పుపడితే పట్టించుకోకు, అవి వాడుకోవడానికే పెట్టారు.

బిల్డ్ అడిగావు. నీకు పెద్ద కత్తి ఇష్టం కాబట్టి వాగబాండ్ అనే రకం వీరుడితో మొదలుపెట్టు. వైగర్ (హెల్త్‌ని పెంచే అంకె) 15తో వస్తాడు, దాన్ని మొదట పెంచు. నీ 200 హెల్త్ గోస అక్కడా పడొద్దు. 40 వరకూ ప్రతి పాయింట్‌కీ మంచి ఫలితం ఉంటుంది, తర్వాత తగ్గుతూ 60 దాటితే దాదాపు ఏమీ రాదు. రెండు చేతులతో పట్టుకుంటే బలం ఒకటిన్నర రెట్లుగా లెక్కిస్తారు, అంటే నీ ఇష్టానికి ఆటే సాయం చేస్తుంది. మొదటి గంటల్లో లెవెల్ కన్నా కత్తికి రాళ్లతో పదును పెట్టించడమే ఎక్కువ పనిచేస్తుంది. ఆయుధాల మీద కనిపించే A, B, C లాంటి అక్షరాలు చూసి కంగారు పడకు, ఆయుధం పక్కన బలానికి ఎదురుగా ఏ అక్షరం ఉందో చూసుకుంటే చాలు. మోసే బరువు 70 శాతం దాటనీయకు, దాటితే దొర్లడం నిదానమై ప్రతి దెబ్బా తగులుతుంది. తప్పు చేశావనిపిస్తే రెన్నాలా అనే రాణి దగ్గర లార్వల్ టియర్ అనే వస్తువు ఇచ్చి పాయింట్లన్నీ మళ్లీ వేసుకోవచ్చు. స్కైరిమ్‌లో 30 పెర్కులు చెల్లాచెదురు చేసిన చేత్తో అక్కడ 30 పాయింట్లు ఒకే చోట పెట్టి చూడు, ఎంత తేడా ఉంటుందో.

కానీ ఒక మాట ముందే చెప్పాలి, డబ్బు పెట్టి కొన్నాక బాధపడకూడదు. ఎల్డెన్ రింగ్‌కి కనీసం 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 స్థాయి గ్రాఫిక్స్ కార్డు కావాలి. అన్నయ్య పాత ల్యాప్‌టాప్ అన్నావు. అందులో విడిగా కార్డు లేకపోతే అది నడవదు. అప్పటిదాకా న్యూ వేగాస్ ఆడు, ఆ మిషన్ మీద బాగా నడుస్తుంది, పైన చెప్పిన కవచాల లెక్క నీలాంటి లెక్కల మనిషికి నచ్చుతుంది.

రూమ్మేట్ విషయంలో ఒక్కటి చేసి చూడు. నువ్వు ఎక్స్‌పర్ట్‌లో ఆడు, వాణ్ణి లెజెండరీలోనే పెద్ద కత్తి పట్టుకుని, దాక్కోకుండా ఒక్క సమాధి గుహ దాటమని అడుగు. వాణ్ణి చిన్నబుచ్చడానికి కాదు. వాడికీ ఆ కత్తి తిప్పడంలో ఉన్న మజా తెలియాలి. ఇద్దరూ ఒకరి బిల్డ్ ఒకరు ఆడితే హాస్టల్ సాయంత్రాలు బాగా గడుస్తాయి.

చివరిగా, సేవ్ చేసుకునే అలవాటు. మన వైపు వానాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో నీకు తెలుసు. నా ఆబ్లివియన్ సేవ్ ఆ నెట్ సెంటర్‌లో ఎవరో మిషన్ శుభ్రం చేస్తూ చెరిపేశారు, క్వాచ్ దాటిన వీరురాలు అలా పోయింది. ఆటోసేవ్ మీద ఆధారపడకు. డిఫికల్టీ మార్చే ముందు ఒక సేవ్, ఎబొనీ కవచం తొడిగాక ఒక సేవ్ విడివిడిగా పెట్టుకో. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ వేసుకుని, ఆదివారం గుణుపురంలో రైలెక్కి ఊరికి వచ్చినప్పుడు ఇంట్లో కంప్యూటర్‌లో కూడా పెట్టు.